రెండు ట్యాంకుల పికప్ – పాఠం 4: మీటరు పావు చూపిస్తోంది, బండి మాత్రం ఆగిపోతోంది

పోయిన పాఠంలో ఫిల్టర్లు మార్చి ఎయిర్ తీయడం, అంటే డీజిల్ లైనులో చిక్కిన గాలి బయటికి పంపడం నేర్చుకున్నాం. అది ఇంకా చేతికి రాకపోతే ఇంకో రెండుసార్లు చేసి రండి, ఎందుకంటే ఈరోజు ఏ పైపు ఊడదీసినా మళ్ళీ ఎయిర్ తీయాల్సిందే.

ముందు నా బండికి ఏమైందో చెప్తా. కడప నుంచి రాయచోటికి లోడు మీద పోతున్నా, వెనక ట్యాంకు మీద నడుస్తోంది, మీటరు ముల్లు పావు దగ్గర ఉంది. గువ్వలచెరువు ఘాట్‌లో రెండో మలుపు తిరిగి ఎక్కుతుంటే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక లారీల హారన్లు, నాకు టెన్షన్. ఏ ట్యాంకు డీజిల్ రావాలో మార్చే వాల్వుని ముందు ట్యాంకుకి తిప్పి, హ్యాండ్ ప్రైమర్ (డీజిల్‌ని చేత్తో ఎక్కించే పంపు) కొట్టి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ దగ్గర నురగ పోయేదాకా చూసి సెల్ఫ్ కొడితే స్టార్టయింది. తెల్లారి షెడ్డుకి పోతే మెకానిక్ వినీ వినకముందే "ఫీడ్ పంపు పోయింటాది అన్నా" అన్నాడు, అంటే ట్యాంకు నుంచి ఇంజను వైపు డీజిల్ లాగే పంపు. మార్చాం. వారం తిరక్కముందే అదే ఘాట్‌లో మళ్ళీ ఆగింది.

తప్పు అతనిది కాదు, నాది. పంపు రెండు ట్యాంకులకీ ఒకటే కదా! ముందు ట్యాంకు మీద బండి బ్రహ్మాండంగా ఎక్కినప్పుడు పంపు ఎందుకు పోతుంది? రెండు ట్యాంకులు ఉండటంలో ఉన్న సుఖమే అది, వాల్వు తిప్పడమే పైసా ఖర్చులేని పరీక్ష. ఒక ట్యాంకు మీదే జబ్బు చేస్తే వాల్వు తర్వాత ఉన్నవేవీ ముట్టుకోవద్దు. రెండింటి మీదా చేస్తే అప్పుడు వాల్వు, ఫిల్టరు, పంపు చూడండి. ఒక్క మెలిక ఉంది: వాల్వు లోపలి ఓ-రింగు అరిగితే, ఖాళీగా ఉన్న ట్యాంకు వైపు నుంచి గాలి లాగి, నిండు ట్యాంకుని కూడా చెడ్డదాన్ని చేస్తుంది. ఖాళీ ట్యాంకు నుంచి వచ్చే పైపుని వాల్వు దగ్గర ఊడదీసి, వాల్వు మూతికి బిరడా పెట్టి నడిపితే అది తేలిపోతుంది.

తర్వాత మూత. ట్యాంకు మూతలో చిన్న గాలి రంధ్రం ఉంటుంది, మన రోడ్ల దుమ్ముకి అది పూడుకుపోతే డీజిల్ పోయేకొద్దీ లోపల వాక్యూమ్ పట్టి, కొన్ని కిలోమీటర్లకి బండి నీరసపడుతుంది. ఆగిన వెంటనే మూత తిప్పండి, ఉస్సుమని గాలి లోపలికి లాగిందంటే దొంగ దొరికినట్టే. నా మూత బాగానే ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఫీడ్ పంపుకి వచ్చే పైపు ఊడదీసి, మధ్యలో ఒక జానెడు తెల్లటి ప్లాస్టిక్ ట్యూబు, లోపల కనపడేది, క్లిప్పులతో బిగించండి. ఎయిర్ తీసి, స్టార్ట్ చేసి, రేజ్ చేస్తూ ట్యూబుని చూడండి. డీజిల్ కదలకుండా గాజుముక్కలా కనిపిస్తే లైనులో గాలి లేదు. బుడగలు బారులు తీరితే గాలి ఎక్కడో లాగుతోంది. బుడగల్లేకుండా ట్యూబు ముడుచుకుపోతుంటే వెనక ఎక్కడో అడ్డం ఉంది. పరీక్ష కాగానే ట్యూబు తీసేయండి, డీజిల్‌కి అది గట్టిపడి పగులుతుంది. ఇంకో సంగతి, సక్షన్ లైనులో, అంటే ట్యాంకు నుంచి పంపు డీజిల్ లాగే పైపులో, బొక్క పడితే డీజిల్ బయటికి కారాలని లేదు, గాలి లోపలికి పోతుంది అంతే. అందుకని "ఎక్కడా తడి లేదే" అని వదిలేయకండి.

బుడగలు ఎప్పుడు వస్తున్నాయో రాసుకోండి, అదే మీకు దారి చూపిస్తుంది. కొబ్బరిబోండంలో స్ట్రా వేసి తాగుతాం కదా, స్ట్రాకి మధ్యలో చీలిక ఉంటే నీళ్ళు చీలికకి పైన ఉన్నంతసేపూ బాగానే వస్తాయి, కిందికి దిగగానే గురగురమని గాలి. ట్యాంకులో సక్షన్ పైపుదీ అదే కథ. నిండు ట్యాంకు మీద కూడా బుడగలొస్తే లోపం ట్యాంకు బయట, క్లిప్పుల్లోనో కాపర్ వాషర్లలోనో. ఎప్పుడూ పావు దగ్గరే మొదలైతే పైపు ఆ ఎత్తులో చీలిందన్నమాట, లేదా పైపు కొస ఊడిపోయింది. ఎక్కుడులో డీజిల్ వెనక్కి పోతుంది కాబట్టి, పైపు ట్యాంకు ముందు వైపు ఉంటే ఘాట్‌లో ఇంకా ముందే బయటపడుతుంది. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్ సిరీస్ పాత డీజిల్ పికప్పుల్లో పైపు కొసకి షవర్ తలలాంటి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది విరిగి పడిపోయి పావు ట్యాంకుకే బండి ఆగడం అక్కడివాళ్ళకి బాగా తెలిసిన జబ్బు. ఊరు వేరైనా రోగం ఒకటే!

ట్యాంకు దించేటప్పుడు డీజిల్ ముందు డబ్బాలోకి తీసేయండి. 40 లీటర్లంటే 33 కేజీల దాకా బరువు, పైగా అటూ ఇటూ ఊగుతుంది. జాకీ మీద పలక పెట్టి పట్టీలు వదలండి. బీడీలు, సిగరెట్లు దగ్గర వద్దు. "డీజిలేగా, అంటుకోదులే" అనే మాట కడపలో అనకూడదు: మన బంకుల్లో దొరికే డీజిల్‌కి మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి) 35 డిగ్రీలకి తగ్గకుండా ఉంటే చాలు, ఇక్కడ మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. ఖాళీ ట్యాంకుకి వెల్డింగ్ పెట్టిస్తానంటే ఈ పాఠం ఇక్కడే ఆపేయండి.

ట్యాంకు పైన, సక్షన్ పైపూ మీటరు ఫ్లోటూ (డీజిల్ మీద తేలే బెండు) బిగించి ఉండే సెండర్ ప్లేటు చుట్టూ మట్టి పేరుకుని ఉంటుంది, ముందు బ్రష్షుతో దులిపి తుడిచాకే స్క్రూలు తీయండి. నా ట్యాంకులో చెయ్యి పెడితే అడుగున గుండ్రంగా ఏదో తగిలింది, తీసి చూస్తే చెత్తని ఆపే జాలీ. పైపు కొస నుంచి ఊడి పడిపోయింది. పైపు మీద ఒకచోట తుప్పు గీత, వెంట్రుకంత. కింది కొస బొటనవేలితో మూసి, పైన రబ్బరు ట్యూబు తగిలించి, బకెట్ నీళ్ళలో ముంచి నోటితో ఊదితే గీత దగ్గర సన్నగా బుడగలు. ఆ రోజు నాకు ఘాట్ మొత్తం అర్థమైంది.

అతుకులు వేయకుండా పైపు మార్చడమే నయం. ట్యాంకు లోతు ఇనప చువ్వతో కొలిచి, అడుగుకి ఒకటిన్నర సెంటీమీటరు పైన ఆగేలా కోయండి. ఇంకా కిందికి పెడితే నీళ్ళు, మడ్డి లాగుతుంది. కొసని ఏటవాలుగా కోస్తే చెత్త అడ్డం పడ్డా మూసుకుపోదు. పైపుని ప్లేటుకి ఇత్తడి కరిగించి అతికించే బ్రేజింగ్ పని ట్యాంకుకి దూరంగా, ప్లేటుని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఫ్లోటు విప్పేశాక చేయించండి. ప్యాకింగ్ కొత్తది వేయండి, పాతదానికి పేస్ట్ పూసి సరిపెట్టొద్దు. ఎర్త్ వైరు మరిచిపోతే మీటరు సరిగ్గా పనిచేయదు, నేను మరిచిపోయి రెండోసారి దించాను.

బిగించాక పావు ట్యాంకు డీజిల్ పోసి గువ్వలచెరువు ఎక్కాను, దగ్గలేదు. పైన పాలకోవా కొనుక్కుని దిగొచ్చాను.

ఇంటిపని: మీ రెండు ట్యాంకుల లోతు కొలవండి, ముల్లు పావు దగ్గర ఉన్నప్పుడు చువ్వకి ఎన్ని సెంటీమీటర్లు తడుస్తుందో రాసుకోండి. వచ్చే పాఠం రిటర్న్ లైను గురించి, వెనక ట్యాంకు వాడుతుంటే ముందు ట్యాంకు నిండి పొంగిపోయే వింత జబ్బు అందులో ఉంటుంది, దానికి ఈ లెక్కలు కావాలి.