యూకేలో రెగ్యులర్ సేవర్లు: కొత్తగా వచ్చినవారికి నా నోట్‌బుక్ నుంచి

మా ఊళ్లో పోస్టాఫీసు ఆర్డీ కట్టించుకునే ఏజెంటు గారు ప్రతి నెలా మొదటి వారంలో ఇంటికొచ్చేవారు. అమ్మ డబ్బు చేతికిస్తే, ఆవిడ లెక్కపెట్టుకుని కార్డులో రాసి సంతకం పెట్టేవారు. అమ్మ మరిచిపోయినా ఆవిడ మరిచిపోయేవారు కాదు. యూకేలోనూ అలాంటి పొదుపే ఉంది, పేరు రెగ్యులర్ సేవర్. నెలనెలా ఇంత అని కడతాం, చాలావాటికి గడువు ఏడాది. కాకపోతే ఇక్కడ గుమ్మం దాకా వచ్చి అడిగేవాళ్లు ఉండరు. ఆ ఏజెంటు పని కూడా మనమే చేసుకోవాలి. నేను ఇప్పుడు ఆరు అకౌంట్లకు ఆ పని చేస్తున్నాను. నాకిది చాలా ఇష్టమైన పని.

మీరు మొదలుపెట్టే ముందు ఒక్క విషయం చూసుకోండి. ఇండియాలో మీ ఎడ్యుకేషన్ లోన్ 11 శాతం వడ్డీకి నడుస్తుంటే, ఇక్కడ 7 శాతం కోసం తాపత్రయపడొద్దు. మిగిలిన ప్రతి పౌండూ ముందు ఆ అప్పుకే పోవాలి. అలాగే కనీసం మూడు నెలల అద్దె, ఇంటి ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఈజీ యాక్సెస్ అకౌంట్‌లో ఉంచుకోండి. కొన్ని రెగ్యులర్ సేవర్లలో మధ్యలో డబ్బు తీయనివ్వరు, కావాలంటే అకౌంటే మూసేయాలి.

ఇక మన పేర్ల సంగతి. ఇక్కడ ఎవరికైనా డబ్బు పంపేటప్పుడు మనం రాసిన పేరు, అకౌంట్ మీద ఉన్న పేరు ఒకటేనా కాదా అని బ్యాంకు సరిచూస్తుంది. మన సొంత అకౌంట్ల మధ్య పంపుకున్నా అంతే. ఒకచోట ‘వెంకట నాగ సాయి’ అని, ఇంకోచోట ఉత్త ‘సాయి’ అని ఇస్తే, ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక కనబడుతుంది. కొత్తలో అది చూసి ఎంత టెన్షన్ పడతామో నాకు తెలుసు. మొదటి అకౌంట్ నుంచే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. భారతదేశం కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద ఇక్కడ ఉంటున్న భారతీయులు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. అందుకు రుసుమేమీ లేదు. సేవింగ్స్ అకౌంట్‌కు దరఖాస్తు చేసినప్పుడు మీరెవరో, ఎక్కడుంటున్నారో కంప్యూటర్‌లోనే సరిచూసుకునే బ్యాంకులకు ఆ జాబితా పనికొస్తుంది. ఇల్లు కుదిరిన వారంలోనే నమోదు చేసుకోండి. లేకపోతే ప్రతి అకౌంట్‌కూ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ పట్టుకుని తిరగాల్సి వస్తుంది.

వడ్డీ లెక్క దగ్గర దాదాపు అందరూ తికమకపడతారు. ఉదాహరణకు ఫస్ట్ డైరెక్ట్ అనే బ్యాంకు వారి రెగ్యులర్ సేవర్ తీసుకోండి. 2023 నుంచి 2025 దాకా అందులో 7 శాతం ఇచ్చారు, నెలకు 300 పౌండ్ల దాకా కట్టొచ్చు. ఏడాదికి 3,600 కడతాం కదా, 7 శాతమంటే 252 పౌండ్లు అనుకుంటాం. చేతికొచ్చేది సుమారు 136.50. ఇందులో మోసమేమీ లేదు. మొదటి నెల కట్టిన 300 పన్నెండు నెలలు ఉంటుంది, దాని మీద 21 పౌండ్లు వస్తాయి. చివరి నెల కట్టినది ఒక్క నెలే ఉంటుంది, దానికి 1.75. మధ్యలోవన్నీ అలా మెట్లు దిగుతూ వస్తాయి. మన ఆర్డీలోనూ లెక్క ఇదే. అందుకే మీ దగ్గర ఇప్పటికే కొంత మొత్తం ఉంటే దాన్ని మంచి ఈజీ యాక్సెస్‌లో పెట్టి, అక్కడి నుంచి నెలనెలా ఇటు మళ్లించండి. అక్కడ ఉన్నన్నాళ్లూ అక్కడి వడ్డీ, ఇటు వచ్చాక ఇక్కడి వడ్డీ.

షరతులు ఒక్కో అకౌంట్‌కూ ఒక్కోలా ఉంటాయి. నేషన్‌వైడ్ వారి ఫ్లెక్స్ రెగ్యులర్ సేవర్‌లో నేను చూసినప్పుడు నెలకు 200 పరిమితి, ఏడాదిలో మూడుసార్లు డబ్బు తీయొచ్చు, నాలుగోసారి తీస్తే రేటు బాగా పడిపోతుంది. కొన్ని చిన్న బిల్డింగ్ సొసైటీలు (సభ్యులే యజమానులుగా, బ్యాంకుల్లాగే పొదుపు, ఇంటి రుణాలు చూసే సంస్థలు) తమ ప్రాంతపు పోస్ట్‌కోడ్ ఉన్నవాళ్లకే అకౌంట్ ఇస్తాయి. మీ ఊరి సొసైటీ గడప ఒకసారి తొక్కి చూడండి. పాస్‌బుక్‌లో అచ్చు వేసి ఇచ్చేవి ఇప్పటికీ ఉన్నాయి, దాన్ని చేతిలో పట్టుకుంటే ఆ ఆర్డీ కార్డే గుర్తొస్తుంది నాకు.

తేదీల దగ్గర నేను దెబ్బతిన్నాను. ఒక సొసైటీలో నెలకు 250 పరిమితి. జీతం నెలాఖరుకు వస్తుంది కదా అని స్టాండింగ్ ఆర్డర్ (ప్రతి నెలా ఒకే తేదీన ఇంత పంపమని బ్యాంకుకు ముందే చెప్పి ఉంచడం) నెల చివరి రోజుకు పెట్టాను. 2025 ఆగస్టు 31 ఆదివారం. సెలవు రోజు వస్తే స్టాండింగ్ ఆర్డర్ తర్వాతి పనిదినానికి జరుగుతుంది. అంటే సెప్టెంబరు 1. ఆగస్టు కిస్తీ ఖాళీ అయిపోయింది. సెప్టెంబరు 30న మళ్లీ 250 వెళ్లింది, ఒకే నెలలో రెండోది కాబట్టి వెనక్కి కొట్టారు. ఆ రోజు నుంచి నా స్టాండింగ్ ఆర్డర్లన్నీ 2వ తేదీకే. సెలవుల వల్ల జరిగినా అదే నెలలో పడతాయి. పరిమితిని క్యాలెండర్ నెలతో లెక్కిస్తారా, అకౌంట్ తెరిచిన తేదీ నుంచి లెక్కిస్తారా అన్నది కూడా ముందే చదువుకోండి.

నా నోట్‌బుక్‌లో ఒక్కో అకౌంట్‌కు ఒక పేజీ. పైన రేటు, నెల పరిమితి, డబ్బు తీస్తే ఏమవుతుంది, గడువు తేదీ. ఆ తేదీ మాత్రం ఎర్ర ఇంకుతో. కింద పన్నెండు గళ్లు. 2వ తేదీ సాయంత్రం టీ పెట్టుకుని కూర్చుని, డబ్బు చేరిందని యాప్‌లో చూశాకే ఆ నెల గడిలో టిక్కు పెడతాను. మొత్తం పది నిమిషాలు. మీరు ఒక్క అకౌంట్‌తో మొదలుపెట్టి, మూడు నెలలు తప్పకుండా కట్టగలిగితే రెండోది తెరవండి. కొన్నింటికి ఆ బ్యాంకులోనే కరెంట్ అకౌంట్ (ఇక్కడ జీతం పడే, రోజువారీ వాడుకునే మామూలు అకౌంట్) ఉండాలి. అలాంటివి వెంటవెంటనే తెరవొద్దు, ప్రతి దరఖాస్తూ మీ క్రెడిట్ రికార్డులో పడుతుంది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే మరీ జాగ్రత్త.

పన్ను గురించి భయం అక్కర్లేదు. బేసిక్ రేట్ (ఆదాయపు పన్నులో కింది శ్లాబు) వాళ్లకు ఏడాదికి 1,000 పౌండ్లు, హయ్యర్ రేట్ (దాని పై శ్లాబు) వాళ్లకు 500 పౌండ్ల వడ్డీ దాకా పన్ను పడదు. అయితే ఏప్రిల్ 6 నుంచి మొదలయ్యే పన్ను సంవత్సరంలో వడ్డీ ఏ రోజు చేతికొస్తే ఆ సంవత్సరం లెక్కలోకే వస్తుంది. బ్యాంకు మునిగితే డబ్బు తిరిగిచ్చే రక్షణ 2025 డిసెంబరు నుంచి ఒక్కో సంస్థకు 1,20,000 పౌండ్ల దాకా ఉంది. కొత్త పేరేదైనా కనబడితే అది ఆ రక్షణ కిందికి వస్తుందో లేదో చూశాకే డబ్బు పంపండి.

గడువు తీరిన రోజున చాలా బ్యాంకులు అసలు, వడ్డీ కలిపి మామూలు సేవింగ్స్‌లోకి తోసేస్తాయి. అక్కడి వడ్డీ నామమాత్రం. అందుకే ఎర్ర ఇంకు తేదీకి వారం ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. డబ్బు బయటికి రాగానే ఈజీ యాక్సెస్‌కు పంపండి. అదే రోజు కొత్త అకౌంట్ తెరిచి, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, పన్నెండు గళ్లు గీయండి.