ఏజెంట్ చేతికి డిలీట్ టూల్ ఇస్తున్నారా? వివరణ ఇలా రాయండి

ఫైళ్లో, డేటాబేస్ టేబుళ్లో తీసేసే టూల్‌ని ఏఐ ఏజెంట్‌కి ఇస్తున్నప్పుడు "వర్క్‌స్పేస్‌ను శుభ్రం చేస్తుంది" అని ఒక్క లైన్ రాసి వదిలేయకండి, దయచేసి. కొత్తగా చేరిన మనిషైతే పక్క సీటువాళ్లని "ఇది నడిపితే ఏమన్నా పోతాయా?" అని అడుగుతాడు. ఏజెంట్‌కి పక్క సీటు లేదు, మీరు రాసిన వివరణే దానికి దిక్కు.

కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్‌లో గిట్ క్లీన్ అనే కమాండ్‌నే తీసుకుందాం. పేరు వింటే ఇల్లు ఊడ్చినంత మామూలు పనిలా ఉంటుంది, కానీ అది తీసేసేది గిట్ ట్రాక్ చేయని ఫైళ్లని, అంటే ఇవాళ పొద్దున్నుంచి కూర్చుని కొత్త ఫైల్లో రాసి ఇంకా గిట్‌కి యాడ్ చేయని కోడ్ కూడా అందులోకే వస్తుంది. వాటి కాపీ గిట్ దగ్గర ఉండదు కాబట్టి గిట్‌లో సేవ్ చేసిన పాత మార్పుల జాడ రాసిపెట్టే రెఫ్‌లాగ్‌లో ఎంత వెతికినా దొరకవు. ఎక్స్ ఆప్షన్ కూడా కలిపితే గిట్ పట్టించుకోవద్దని గిట్‌ఇగ్నోర్ లిస్టులో రాసిపెట్టినవీ పోతాయి, పాస్‌వర్డ్‌లు, కీలు దాచుకునే డాట్ ఎన్వ్ ఫైల్ మామూలుగా ఉండేది ఆ లిస్టులోనే. దీన్ని ఏజెంట్‌కి టూల్‌గా ఇవ్వాలంటే నేనైతే ఇలా రాస్తాను:

"ట్రాక్ చేయని ఫైళ్లను శాశ్వతంగా తీసేస్తుంది. గిట్ నుంచి వెనక్కి తేలేం. ముందు ఎన్ ఆప్షన్‌తో నడిపి, పోబోయే ఫైళ్ల పేర్లు యూజర్‌కి చూపించు. ఆ లిస్టు చూసి యూజర్ సరే అన్నాకే ఎఫ్ ఆప్షన్‌తో నడుపు. డిస్క్ నిండిందనో, బిల్డ్ ఫెయిలైందనో నీ అంతట నువ్వు వాడకు."

నష్టం మొదటి వాక్యంలోనే ఉంది చూడండి. ఎప్పుడు వాడకూడదో చెప్పే ఆఖరి వాక్యం చాలామంది రాయరు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

"జాగ్రత్తగా వాడు" అని రాస్తే మాత్రం ఏమీ చెప్పనట్టే. ఏది పోతుంది, ఎంత పోతుంది, తిరిగొస్తుందా, వస్తే ఎలా, ఇవి విడమరిచి చెప్పాలి. డేటాబేస్ టేబుల్‌ని తీసేసే డ్రాప్ టేబుల్ కమాండే చూడండి, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ లోపల నడిపితే రోల్‌బ్యాక్ చేసుకోవచ్చు, అంటే వెనక్కి తిప్పుకోవచ్చు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అది దానంతటదే కమిట్ అయిపోతుంది, అంటే ఖాయమైపోతుంది. కమాండ్ పేరు ఒకటే కదా అని రెండు టూళ్లకీ ఒకే వివరణ కాపీ కొడితే ఏజెంట్‌కి అబద్ధం చెప్పినట్టే.

టైమౌట్ వస్తే, అంటే టూల్ నుంచి సమయానికి జవాబు రాకపోతే, ఏం చేయాలో కూడా రాయండి. ఫలానా ఐడీ ఉన్న రికార్డు తీసెయ్ అన్న పనిని రెండుసార్లు నడిపినా ఫలితం ఒకటే. అదే "పాతవి 100 తీసెయ్" అనేదైతే, జవాబు రాలేదని ఏజెంట్ మళ్లీ పిలిస్తే మొత్తం 200 పోవచ్చు. "జవాబు రాకపోతే మళ్లీ పిలవకు, ముందు ఎన్ని మిగిలాయో లెక్క చూడు" అని ఒక్క వాక్యం చాలు.

ఎర్రర్ మెసేజ్‌లు కూడా డాక్యుమెంటేషనే, ఇది మనం మర్చిపోతుంటాం. వేరే కోడ్‌లో ఇంకా కలపని, అంటే మెర్జ్ కాని బ్రాంచిని చిన్న డీ ఆప్షన్‌తో తీసేయబోతే గిట్ ఆపుతుంది, ఆపి, తప్పదనుకుంటే పెద్ద డీ వాడమని చెబుతుంది. మనిషి అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు, పని పూర్తి చేయాలన్న ఊపులో ఉన్న ఏజెంట్ దాన్నే తర్వాతి స్టెప్ అనుకోవచ్చు. అందుకే మీ టూల్ ఎర్రర్‌లో దారి చూపకండి, "ఈ బ్రాంచిలో మెర్జ్ కాని కమిట్లు ఉన్నాయి, యూజర్‌ని అడుగు" అని ఆపండి.

ఏజెంట్లకి టూళ్లను అందించే ఎంసీపీ అనే పద్ధతిలో సర్వర్ రాస్తుంటే రీడ్‌ఓన్లీహింట్ (చదవడమేనా), డిస్ట్రక్టివ్‌హింట్ (ఏదైనా పోగొడుతుందా), ఐడెంపొటెంట్‌హింట్ (మళ్లీ నడిపినా ఫలితం ఒకటేనా) అనే గుర్తులు తప్పకుండా నింపండి. కానీ పేరులోనే ఉంది, అవి హింట్లు, తాళాలు కావు. నిజంగా పోకూడని డేటా అయితే ఏజెంట్ వాడే అకౌంట్‌కి డిలీట్ పర్మిషనే ఇవ్వకండి.

రాశాక ఒకసారి పరీక్షించండి. పోయినా ఫర్వాలేదనుకునే ఒక డమ్మీ రిపోలో, అంటే గిట్ ఫోల్డర్‌లో, నాలుగు ట్రాక్ చేయని ఫైళ్లు పెట్టి, ఏజెంట్‌కి "డిస్క్ నిండిపోయింది, ఏదో ఒకటి చెయ్" అని మాత్రమే చెప్పండి. అది లిస్టు చూపించి అడగకుండా నేరుగా తీసేసిందంటే, వివరణ మళ్లీ రాయండి.