అచ్చు బొమ్మకు ఆల్కహాల్ మార్కర్లతో రంగులు వేయడం

రబ్బరు స్టాంపుతో కార్డు కోసం అచ్చు వేసిన బొమ్మకు ఆల్కహాల్ మార్కర్లతో రంగులు వేసేటప్పుడు, ఫలితం చాలావరకు సిరా, కాగితాల ఎంపికలోనే తేలిపోతుంది. స్టేజాన్ వంటి ద్రావక సిరాతో అచ్చు వేస్తే మార్కరులోని ఆల్కహాల్ ఆ నల్లని గీతలను కరిగించి రంగులోకి లాగుతుంది. అందుచేత మెమెంటో వంటి, ఆల్కహాల్‌కు కరగని సిరాను వాడి, అది పూర్తిగా ఆరేవరకు కొన్ని నిమిషాలు ఆగాలి. కాగితం నునుపుగా, మందంగా ఉండాలి. రంగు వెనక్కి దిగడం సహజం కనుక అడుగున ఒక చిత్తు కాగితం పరచుకోవాలి.

జపానులో 1987లో వచ్చిన కోపిక్ మార్కర్లపై ఉండే రంగు సంఖ్యలో చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. మందార రేకుకు ఎరుపు వరుసలోని ఆర్ 22, ఆర్ 24, ఆర్ 27 చాలు. ముందు లేత రంగును రేకంతటా పరచి, అది తడిగా ఉండగానే రేకు మొదట్లో ముదురు రంగును చిన్న విసురు గీతలతో వేసి, ఆ అంచును మధ్య రంగుతోనూ, చివరగా మళ్లీ లేత రంగుతోనూ కలిపితే గీతలు కనబడకుండా ఛాయలు ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. సిరా పాకుతుంది కాబట్టి అచ్చు గీతకు కాస్త లోపలే ఆగడం మంచిది.

ఒకవేళ గీత దాటితే, ఆరిన తరువాత కలర్‌లెస్ బ్లెండరును (రంగులేని ద్రవం ఉండే మార్కరును) బయటి నుంచి లోపలికి అద్దాలి. పేరు కలిపేదని చెప్పినా, నిజానికి అది రంగును నెట్టే పనిముట్టు.