ఇంట్లో పాడుకునే పాటను ఆడిషన్ దాకా తీసుకెళ్లడం ఎలా

వంట చేస్తూనో బండి నడుపుతూనో పాడుకునేవాళ్లతో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు "నువ్వు టీవీలో పాడొచ్చు కదా" అంటారు. ఆ ఒక్క మాటతో కల మొదలవుతుంది. తెలుగునాట ఈ కలకు గట్టి ఆధారాలే ఉన్నాయి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగ్ చదువుకునే రోజుల్లో, 1964లో మద్రాసులో ఒక తెలుగు సంస్థ జరిపిన పోటీలో మొదటి బహుమతి అందుకున్నారు. సినిమా కోసం ఆయన మొదటి పాట 1966లో పాడారు. ఈటీవీలో 1996లో మొదలైన 'పాడుతా తీయగా' ఎన్నో కొత్త గొంతులను పరిచయం చేసింది. శ్రీరామచంద్ర 2010లో, రేవంత్ 2017లో ఇండియన్ ఐడల్ గెలిచారు.

కల పెద్దదైనా దాని కోసం మొదట చేయాల్సిన పని చిన్నదే. వెనక వాద్యాల ట్రాక్ లేకుండా, మీ శ్రుతిలో (మీ గొంతుకు సరిపడే ఆధార స్వరం మీద), మూడు పాటలను పల్లవి, ఒక చరణం వరకు పట్టు తప్పకుండా పాడగలగాలి. తొలి వడపోతలో సాధారణంగా వినేది అంతే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఒక్క పని గురించే.

శ్రుతి తేల్చుకోవడం

ఆడిషన్లలో ఎక్కువమంది పోయేది గొంతు బాగోలేక కాదు, తమది కాని శ్రుతిలో పాడటం వల్ల. సినిమా పాటను అసలు గాయకుడి శ్రుతిలోనే విని విని, అదే ఎత్తులో ఎత్తుకుంటారు. పల్లవి బాగానే సాగుతుంది, చరణంలో పై స్థాయికి వెళ్లగానే గొంతు బిగుసుకుంటుంది.

హార్మోనియం లెక్కలో తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు వరకు. ఒకటికీ రెండుకీ మధ్య నల్ల మెట్టు ఒకటిన్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు. కర్ణాటక సంగీతంలో మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండు లోపు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర, ఆరు దగ్గర పాడతారు. కానీ ఇది అందరికీ సరిపోయే కొలత కాదు. ఫోన్‌లో తంబురా యాప్ (ఆగకుండా శ్రుతి వినిపించేది) పెట్టుకుని మీ గొంతునే పరీక్షించండి: మంద్రస్థాయి పంచమం, అంటే కింది ప, వినబడేలా పలకాలి, తారస్థాయి పంచమం, అంటే పై ప, అరవకుండా అందాలి. ఈ రెండూ కుదిరిన మెట్టే మీ శ్రుతి. నిద్ర లేవగానే ఈ పరీక్ష చేయకండి, అప్పుడు గొంతు బరువుగా ఉండి కిందికి చూపిస్తుంది. నాలుగైదు రోజులు సాయంత్రం పూట చూసి ఖాయం చేసుకోండి.

సినిమా పాటకైతే ఇంకో పద్ధతి ఉంది. చరణంలో అన్నిటికంటే పైన ఉండే ముక్కను వరసగా మూడుసార్లు పాడండి. మూడోసారి దవడ బిగిసినా మెడ నరాలు తేలినా ఒక మెట్టు దించండి. తర్వాత అన్నిటికంటే కింది ముక్క వినబడుతోందో లేదో చూడండి. రెండూ ఒకే శ్రుతిలో కుదరకపోతే ఆ పాట ఎంత ఇష్టమైనా పోటీకి వద్దు. ఆడగొంతు పాటను మగవాళ్లు పాడినా, మగగొంతు పాటను ఆడవాళ్లు పాడినా నాలుగు నుంచి ఏడు మెట్ల తేడా రావచ్చు. కరోకే ట్రాక్‌ను మూడు మెట్లకు మించి జరిపితే వాద్యాలు కృత్రిమంగా వినిపిస్తాయి, కాబట్టి అలాంటి పాటను తంబురాతోనే సాధన చేయడం మేలు.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మగపిల్లలకు గొంతు మారుతుంది. పాత శ్రుతిలోనే పాడించాలని పట్టుబట్టకూడదు. శ్రుతి దించి, సాధన సమయం తగ్గించి, గొంతు కుదురుకునేదాకా ఆగాలి.

రోజుకు 45 నిమిషాలు

మొదటి పది నిమిషాలు తంబురా మీద షడ్జమం (స), కింది పంచమం, పై షడ్జమం అకారంలో, అంటే 'ఆ' అంటూ, నిలపండి. ఒక్కో స్వరం పది సెకన్లు కదలకుండా నిలిస్తే చాలు, ముప్పై సెకన్ల దాకా లాగి ఊపిరి బలం చూపించనక్కర్లేదు.

తర్వాతి పదిహేను నిమిషాలు మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (స రి గ మలతో నేర్పే మొదటి పాఠాలు). మెట్రోనోమ్ (లయ దెబ్బలు వినిపించే సాధనం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, దెబ్బకు ఒక స్వరం మొదటి కాలం, రెండు స్వరాలు రెండో కాలం, నాలుగు స్వరాలు మూడో కాలం. శాస్త్రీయం నేర్చుకోనివాళ్లు మొదటి రెండు నెలలు రెండు కాలాలతో ఆగినా నష్టం లేదు. ఈ రాగంలో రి షడ్జమానికి, ధ పంచమానికి ఒక్క మెట్టు పైనే ఉంటాయి. వినికిడి నిలకడగా లేకపోతే రి పైకి జరిగి చతుశ్రుతి రిషభం (ఇంకో మెట్టు పైనుండే రి) అయిపోతుంది. అవరోహణలో ఇంకో పొరపాటు, దిగేటప్పుడు శ్రుతి కూడా దిగజారి, చివరి స దగ్గరికి వచ్చేసరికి తంబురాకు గొంతు కలవదు. వెనక్కి వెళ్లి ప, మ, గ ఒక్కొక్కటే ఆగి పాడితే ఎక్కడ జారుతోందో తెలుస్తుంది.

మిగిలిన ఇరవై నిమిషాలు పాటకు. సాహిత్యం చేత్తో రాసుకోండి. ఊపిరి ఎక్కడ తీయాలో పెన్సిల్‌తో గీత పెట్టండి. మాట మధ్యలో, ముఖ్యంగా సమాసం మధ్యలో ఊపిరి తీస్తే అర్థం విరిగిపోతుంది. ఇక ఉచ్చారణ: శ, ష, స వేరువేరుగా పలకాలి, ళ, ల కలిసిపోకూడదు, ఒత్తులు మింగకూడదు. బాలసుబ్రహ్మణ్యం గారు పోటీదారులకు రాగంతో సమానంగా మాటనూ సరిదిద్దేవారు. ఆ పట్టింపు ఇప్పటి న్యాయనిర్ణేతల్లోనూ ఉంటుంది, ఉండాలి కూడా.

రికార్డు చేసి వినడం

పాడుతున్నప్పుడు మీ గొంతు మీకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, అందుకే అసలుకంటే నిండుగా అనిపిస్తుంది. బయటివాళ్లకు ఎలా ఉందో రికార్డింగే చెబుతుంది. ఫ్యాను, ఏసీ ఆపి, పరుపు, పరదాలు ఉన్న గదిలో కూర్చోండి. బోసిగోడల గదిలో గొంతు మార్మోగి తప్పులు కప్పుకుపోతాయి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడు గాలి దెబ్బ పడుతుంది. ట్రాక్ ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో వినండి, రెండో చెవి మీ గొంతుకు వదిలేయండి.

పాడిన వెంటనే వినకుండా మర్నాడు వినండి. మొదటిసారి శ్రుతి మాత్రమే, రెండోసారి తాళం మాత్రమే, మూడోసారి మాటలు మాత్రమే గమనించండి. అన్నీ కలిపి వింటే "బాగానే ఉంది" అనిపించి ఏదీ దొరకదు.

పాటల ఎంపిక, వేదిక

ఒక మెలోడీ, ఒక రాగప్రధానమైన పాట, ఒక వేగమైన పాట సిద్ధం చేసుకోండి. వాద్యాల మీద నడిచే పాటలు ట్రాక్ లేకుండా తేలిపోతాయి. ఆ వారం ఊరంతా పాడుతున్న కొత్త హిట్టును వదిలేయండి, మీకు ముందు వచ్చినవాళ్లు దాన్నే పాడి ఉంటారు.

కంగారులో అందరూ పైకి ఎత్తుకుంటారు. వరసలో ఉండగానే ఇయర్‌ఫోన్‌లో మీ షడ్జమం విని, లోపలికి వెళ్లాక ఒకసారి మెల్లగా హమ్ చేసి మొదలుపెట్టండి. మైకు ఉంటే రెండు మూడు వేళ్ల దూరంలో పట్టుకోండి, పై స్వరానికి మరో రెండు వేళ్లు వెనక్కి. మైకు జాలీని గుప్పిట మూస్తే కీచుమని శబ్దం వస్తుంది.

జలుబులో పాడి గెలవాలని చూడొద్దు. బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

డబ్బు, ఇతర దారులు

ఆడిషన్‌కు పిలిచి "అవకాశం ఖాయం" అంటూ డబ్బు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. ఎంపికయ్యాక ఒప్పందం ఇస్తే, ఎన్నేళ్లు వేరే చోట పాడకూడదో చదివి సంతకం పెట్టండి. యూట్యూబ్‌లో సినిమా పాట పాడి పెడితే హక్కుదారు క్లెయిమ్ చేయొచ్చు, అప్పుడు ప్రకటనల ఆదాయం వాళ్లకు వెళ్తుంది, ఒక్కోసారి వీడియోనే ఆగిపోతుంది.

ఆకాశవాణి దారిని చాలామంది మరిచిపోయారు. అక్కడ లలిత సంగీతం ఆడిషన్‌కు సినిమా పాటలు పనికిరావు, లలిత గీతాలు సిద్ధం చేసుకోవాలి. ఎంపికైనవాళ్లకు గ్రేడు ఇస్తారు, బి నుంచి బి హై, ఏ, టాప్ వరకు. రికార్డింగుకు పిలిచినప్పుడు పారితోషికమూ ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కేంద్రాల్లో దగ్గరున్నదానికి వెళ్లి, తర్వాతి ఆడిషన్‌కు దరఖాస్తు ఎప్పుడు తీసుకుంటారో అడగండి.