అమెరికానా రాక్ ఆల్బమ్‌ను మొదటిసారి వినేవారికి

నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో పాటను కథ కోసం వినే అలవాటు చాలా పాతది. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతున్నప్పుడు, బాణీ ఎంత బాగున్నా, జనం ప్రధానంగా సాయన్నకు ఏమైందో వినడానికే కూర్చుంటారు. ఆ అలవాటున్న చెవికి అమెరికానా రాక్ పరాయి సంగీతం కాదని, వినే పద్ధతి తెలిస్తే చాలునని నా గట్టి నమ్మకం.

కంట్రీ, బ్లూస్, గాస్పెల్, జానపదం వంటి అమెరికా సంగీత ధారలు రాక్ గిటార్లతో కలిసిన బాణీనే అమెరికానా అంటున్నారు. గ్రామీ పురస్కారాలలో ఉత్తమ అమెరికానా ఆల్బమ్ అనే విభాగం 2010 నుంచి ఉంది. జేసన్ ఇజ్బెల్, ఆయన 400 యూనిట్ బృందం కలిసి 2023 జూన్‌లో విడుదల చేసిన 'వెదర్‌వేన్స్'కు 2024లో ఆ పురస్కారం దక్కింది. పదమూడు పాటలు, సుమారు గంట నిడివి గల ఆ ఆల్బమ్‌నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందుగా యాప్‌లో షఫుల్ ఆపివేయాలి. పాటల వరుసను బృందం ఆలోచించి పేర్చుతుంది కాబట్టి దానిని చెదరగొట్టకూడదు. హైదరాబాదు వెళ్లే బస్సులో మొదటిసారి వినవద్దు. నార్కట్‌పల్లి దాటాక హారన్ల మోతలో మాటలు పోతాయి. రాత్రి భోజనమయ్యాక, ఇల్లు సద్దుమణిగాక, ఇయర్‌ఫోన్లతో వినడం మంచిది, ఎందుకంటే ఫోన్ స్పీకరులో బేస్ గిటార్ దాదాపు వినిపించదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది సాహిత్యం మీద. ఇజ్బెల్ అలబామా రాష్ట్రంలో పుట్టి పెరిగినవాడు. ఆ దక్షిణాది యాసలో పదాల చివరలను మింగేస్తారు కనుక, మన బడి ఇంగ్లీషుతో నేరుగా వింటే సగం అందదు. అందువల్ల ఒక పాట సాహిత్యాన్ని ముందు నెమ్మదిగా చదివి, ఆ తరువాతే ఆ పాటను వినాలి. పూటకు రెండు మూడు పాటలు చాలు. చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పాటలోని 'నేను' ప్రతిసారీ గాయకుడు కాడు. ఒగ్గు కథలో కథకుడు కథ చెబుతూ చెబుతూ ఒక్క క్షణంలో పాత్రగా మారి మాట్లాడినట్లే, ఇక్కడ కూడా గాయకుడు మరొకరి గొంతును తనలోకి తెచ్చుకుంటాడు. ఈ ఆల్బమ్ రెండో పాటలో మాట్లాడేది పనిలో గాయపడి, నొప్పి మాత్రలకు బానిసై, కాపురం చేజారిపోతున్న ఒక కార్మికుడు. కూలి కోసం ఊరు విడిచి వెళ్లి, దెబ్బ తిన్న ఒంటితో తిరిగి వచ్చినవారిని చూసిన పాలమూరు శ్రోతకు ఆ మనిషిని ఎవరూ ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. ప్రతి పాటకూ 'మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఏం దాస్తున్నారు' అని ప్రశ్నించుకోండి. ఈ పాటల బలమంతా ఆ దాచిన విషయంలోనే ఉంటుంది.

మాటలు అందిన తరువాత వాద్యాల మీదికి చెవి మళ్లించవచ్చు. వేలికి గాజు గొట్టమో లోహపు గొట్టమో తొడిగి తీగ మీద జార్చే స్లైడ్ గిటార్ ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఎక్కడా తెగకుండా సాగుతుంది. గమకం ఎరిగిన మనకు అది వెంటనే పట్టుబడుతుంది. వారు ఫిడిల్ అనేది మన వయొలిన్ వాద్యమే. చివరి పాట సుమారు ఏడు నిమిషాలు ఉంటుంది, దానిని మధ్యలో ఆపవద్దు.

ఈ ఆల్బమ్ బాగా పరిచయమయ్యాక వెనక్కి వెళ్లి, ఇజ్బెల్ 2013లో విడుదల చేసిన 'సౌత్‌ఈస్టర్న్'ను, ఆ తరువాత ఆయన 2001 నుంచి 2007 వరకు పనిచేసిన డ్రైవ్-బై ట్రక్కర్స్ బృందపు పాటలను వినవచ్చు. ట్రక్కర్స్ పాటలలో గిటార్ల హోరు ఎక్కువ, కాబట్టి వాటికి కూడా సాహిత్యం ముందు చదివే పద్ధతినే పాటించండి.