కాలేజీ కంటే ముందు రికార్డుల గది చూడండి

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపుల నుంచి ఇంటర్ పూర్తిచేసి చెన్నైకి వచ్చే మన పిల్లల్లో చాలామందికి, రోగుల రికార్డుల నిర్వహణ నేర్పే హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అనే డిగ్రీ ఒకటి ఉందన్న సంగతి, మెడిసిన్ సీటు రాదని తేలిపోయిన తరువాతే చెవిన పడుతుంది. ఆ తొందరలో హాస్టలు గదులు, ఫీజు వాయిదాలు, బ్రోషర్‌లోని ఫోటోలు చూసి చేరిపోతారు. ఈ చదువుకు అసలు ప్రయోగశాల ఆసుపత్రిలోని మెడికల్ రికార్డుల విభాగం. అందరూ ఎం.ఆర్.డి. అని పిలిచే ఆ విభాగం బాగున్న చోట కాలేజీ భవనం పాతదైనా నష్టం లేదు.

ముందుగా తేల్చుకోవలసింది ఈ డిగ్రీ ఎందుకన్నది. చెన్నైలో అమెరికా ఆసుపత్రుల బిల్లులకు మెడికల్ కోడింగ్, అంటే వ్యాధికీ చికిత్సకీ తగిన కోడ్ నంబరు వేసే పని, చేసే సంస్థలు చాలా ఉన్నాయి. అవి లైఫ్ సైన్సెస్ చదివిన ఇతర పట్టభద్రులను కూడా తీసుకుని శిక్షణ ఇచ్చుకుంటాయి. అక్కడ వాడేది వ్యాధులకు ఐసీడీ-10-సీఎం, చికిత్సలకు సీపీటీ కోడ్లు. అక్కడ విలువిచ్చే సర్టిఫికెట్ ఏఏపీసీ అనే అమెరికా సంస్థ నిర్వహించే సీపీసీ కోడింగ్ పరీక్ష వంటిది. కేవలం ఆ ఉద్యోగమే కావాలనుకునేవారు దానికోసం ప్రత్యేకంగా ఈ డిగ్రీలో చేరనక్కరలేదని నా అభిప్రాయం. రోగి రికార్డు పుట్టిన క్షణం నుంచి దాన్ని భద్రపరచడం, వర్గీకరించడం, అడిగినవారిలో ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో నిర్ణయించడం, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను వైద్యుల అవసరానికి తగినట్టు మలచడం వంటి పనుల మీద ఆసక్తి ఉన్నవారికి ఇది సరైన దారి.

గుర్తింపు విషయంలో ఇప్పుడు చట్టం అండ ఉంది. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం 2021లో వచ్చింది. దాని షెడ్యూలులోని పది వర్గాలలో హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ ఒకటి. కనుక కోర్సు ఈ చట్టం ప్రకారం నడుస్తున్నదా, ఇంటర్న్‌షిప్ గంటలను ఎవరు నమోదు చేస్తారు అని కాలేజీని సూటిగా అడగవచ్చు. అనుబంధ కాలేజీ అయితే గిండీలోని తమిళనాడు డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం జాబితాలో ఆ కోర్సు, ఆ కాలేజీ రెండూ ఉన్నాయో లేదో స్వయంగా సరిచూసుకోవాలి. పోరూరు శ్రీరామచంద్ర వంటి డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తమ డిగ్రీ తామే ఇస్తాయి కాబట్టి వాటిని వేరుగా పరిశీలించాలి. కోర్సు పేరు మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. వేలూరు సీఎంసీలో ఇదే విద్య మెడికల్ రికార్డ్ సైన్స్ అన్న పేరుతో ఉంది. మణిపాల్‌లో హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అంటారు. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అన్నది పూర్తిగా వేరే చదువు. రెండూ ఒకటేనని చెప్పే ఏజెంటును నమ్మవద్దు.

ఇక ఆసుపత్రికి వెళ్ళండి. అనుమతి తీసుకుని, వీలైతే ఒక పనిదినం ఉదయం, ఎం.ఆర్.డి.లో అరగంట గడపండి. డిశ్చార్జ్ అయిన రోగుల కేస్ షీట్లు ఎన్ని రోజుల్లో వార్డు నుంచి ఇక్కడికి చేరుతున్నాయి, సంతకం లేని డిశ్చార్జ్ సమరీని తిరిగి డాక్టరు దగ్గరకు పంపే పద్ధతి ఏమిటి, పోలీసు కేసులకు సంబంధించిన ఫైళ్ళను విడిగా తాళం వేసి ఉంచుతున్నారా అని గమనించండి. కాగితం ఫైళ్ళు ఉన్నచోట అవి ఏ వరుసలో ఉన్నాయో అడగండి. 48-15-62 అనే నంబరు గల ఫైలును చివరి రెండంకెలైన 62 అరలో వెతికే టెర్మినల్ డిజిట్ పద్ధతిని అక్కడి ఇంటర్న్ మీకు విప్పి చెప్పగలిగితే, అక్కడ పాఠం పుస్తకంతో ఆగిపోలేదని అర్థం. విద్యార్థులకు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో సొంత లాగిన్ ఉందా, లేక సిబ్బంది పక్కన నిలబడి చూడడమేనా అన్నది కూడా తప్పక తెలుసుకోవాలి. ఇంటర్న్‌ల చేత ఏడాదంతా జిరాక్సులు తీయించే చోట్లు లేకపోలేదు.

సీనియర్లను అడగడానికి ఒక ప్రశ్న చెబుతాను. మన ఇంటిపేరు ముందు వస్తుంది, తమిళుల ఇనీషియల్ సాధారణంగా తండ్రి పేరుది. అందువల్ల ఒకే తెలుగు రోగి ఒకసారి ఇంటిపేరుతోనూ, మరోసారి తండ్రి పేరులోని మొదటి అక్షరంతోనూ నమోదై, ఒకే మనిషికి రెండు రికార్డు నంబర్లు పడే అవకాశం ఉంది. ఒక దానిలో పెన్సిలిన్ పడదని రాసి ఉండి, డాక్టరు చేతికి రెండోది వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అటువంటి రెండు నంబర్లను ఎలా కనిపెడతారు, ఎవరి అనుమతితో కలుపుతారు అని అడిగి చూడండి. మూడో సంవత్సరం విద్యార్థి తడబడితే ఆ కాలేజీ గురించి బ్రోషర్ చెప్పనిది మీకు తెలిసినట్టే.

పాఠ్యప్రణాళికలో శరీర నిర్మాణ శాస్త్రం, వైద్య పరిభాష, గణాంకాలు ఎలాగూ ఉంటాయి. వాటి మీద ఎక్కువ సమయం పెట్టకుండా, వ్యాధుల వర్గీకరణను ఎక్కడిదాకా నేర్పుతున్నారో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ అయిన ఐసీడీలో కొత్త కూర్పు, ఐసీడీ-11, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఐసీడీ-10లో E11 కింద ఉన్న టైప్ 2 మధుమేహం అందులో 5A11 అయింది. పాతది బాగా నేర్పుతూ కొత్తదాన్ని పరిచయం చేసే చోటు మంచిది. మరణ కారణ ధ్రువీకరణ పత్రాన్ని నింపే తీరు, 14 అంకెల ఆభా (జాతీయ ఆరోగ్య ఖాతా) నంబరుతో రికార్డులను జోడించే విధానం, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉండాలి.

తరగతి ఇంగ్లీషులో జరిగినా రికార్డు గది తమిళంలో నడుస్తుంది. కనీసం పేర్లు, ఊర్లు చదవగలిగేంత తమిళ లిపి మొదటి ఏడాదిలోనే నేర్చుకోవడం మంచిది. ఎం.జి.ఆర్. విశ్వవిద్యాలయం పరిధిలో చేరేవారు తమ చదువుకు ఆ కోర్సులో చేరే అర్హత ఉందని తెలిపే ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ సంగతి, ఇంటర్మీడియట్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ సంగతి ముందే చూసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలే తప్ప తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. చేరే రోజున కౌంటర్లో అవి తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఆ మాట మర్యాదగా గుర్తుచేసి, నకళ్ళు ఇచ్చి, రసీదు తీసుకుని రండి.