మోటార్ పెట్టిన సైకిల్‌కి ఛార్జింగ్ చాలట్లేదా? ముందు టైర్లు చూడండి

మౌంటెన్ బైక్ వెనక చక్రానికి హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండే కరెంటు మోటార్) పెట్టించుకుని రోజూ ఆఫీసుకి వెళ్తున్నా. ఇంటికి వచ్చేసరికి బ్యాటరీ అడుగంటేది. ఇంకా పెద్ద బ్యాటరీ కొందామనుకుంటుండగా, ఆ 'గుర్ర్' మనే మోత ఎక్కడిదా అని కిందికి చూశా. బొడిపెల టైర్లు! మట్టిలో పట్టు కోసం చేసినవి, తారురోడ్డు మీద ఛార్జింగ్ మింగేస్తున్నాయి.

మీ టైరు పక్కన 26 × 2.1 (అంగుళాల్లో చక్రం సైజు, టైరు వెడల్పు) అని ఉంటే, 26 × 1.75 నున్నటి టైర్లు తీసుకోండి. పాయింటుతో 1.75 అని రాసి ఉండాలి. 1¾ అని భిన్నంలో ఉంటే అది వేరే రిమ్ముది, ఎక్కదు. (నేను తిప్పి ఇచ్చి రావాల్సొచ్చింది.) గాలి టైరు మీద రాసిన హద్దు దాటకుండా గట్టిగా పట్టించి, వారానికోసారి చూసుకోండి. ముందు ఫోర్క్‌కి లాకౌట్ (సస్పెన్షన్ ఊగకుండా ఆపే మీట) ఉంటే చదును రోడ్డు మీద వేసేయండి.

మోటార్ చక్రం ఊడదీసే ముందు బ్యాటరీ ఆపి, మోటార్ వైరు కనెక్టర్ విప్పాలి. నట్లు, వాషర్ల వరస ఫోన్‌లో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు. టార్క్ ఆర్మ్ (మోటార్ ఇరుసుని ఫ్రేమ్‌కి కదలకుండా పట్టి ఉంచే పట్టీ) మాత్రం మర్చిపోకండి, అది లేకపోతే ఇరుసు తిరిగి వైర్లు తెగొచ్చు.

దారిలో బురద, వదులు కంకర ఎక్కువుంటే ఈ మార్పు వద్దు. నున్నటి టైరు జారుతుంది, ముఖ్యంగా మలుపులో బ్రేక్ వేస్తే.